సంజీవమ్మ తాగని టీ

సంజీవమ్మకు ఇంతవరకూ ఎవరూ ఓటు వేయలేదు. ఆమె ఎవరినీ అడగనూ లేదు. కువైట్‌లో మా తెలుగు సమితికి రెండేళ్లకోసారి ఎన్నికలు జరుగుతాయి. పదకొండు మందిమి గెలుస్తాం, దండలు వేసుకుంటాం, ఫొటోలు దిగి ఊరికి పంపుకుంటాం. ఆ ఫొటోల్లో ఆమె ఎక్కడా కనిపించదు. అయినా మా సమితిలో తలెత్తుకుని చెప్పుకోదగ్గ పని ఒకటుందంటే అది ఆమె చేసిందే. ఈ మాట నా నోటి నుంచి రావడం విడ్డూరమే. ఆమె కూర్చునే సభను రద్దు చేయాలని తీర్మానం రాసిన పెద్దమనిషిని నేనే.

నా పేరు సూర్యకిరణ్. మాది కోనసీమ. అల్ రాయ్‌లో కార్ల విడిభాగాలు అమ్మే దుకాణంలో కౌంటర్ దగ్గర పని. కిందటి ఎన్నికల్లో అందరికంటే ఎక్కువ ఓట్లతో గెలిచి సమితి కార్యదర్శినయ్యాను. ఆ ఎక్కువ ఓట్ల సంగతి నేను రోజుకు రెండుసార్లైనా గుర్తు చేసుకునేవాణ్ణి. ఎదుటివాళ్లకు అంతకంటే ఎక్కువసార్లు గుర్తు చేసేవాణ్ణని ఇప్పుడు నవ్వుతూ చెబుతుంటారు.

సమితి అంటే పెద్ద సంస్థ అనుకోకండి. అమ్ఘరా స్క్రాప్ యార్డుల్లో ఇనుము కోసేవాళ్లు, గోదాముల్లో సరుకు దించేవాళ్లు, ఇళ్లలో వంట చేసే ఆడవాళ్లు, నాలాంటి కౌంటర్ మనుషులు, అంతా కలిపి నాలుగు వందల మందిమి. ఒకరు ఆసుపత్రిలో పడితే వెళ్లి కూర్చుంటాం. ఒకరు కన్నుమూస్తే కాగితాలు తిప్పి ఊరికి చేరుస్తాం. పని లేనివాడికి పని చూపిస్తాం. ఈ చివరిదే అన్నింటికంటే బరువైనది. అమ్ఘరాలో రెండు మూడు యార్డుల యజమానులు మనవాళ్లను సమితి మాట మీదే పెట్టుకుంటారు, సమితి మాట మీదే ఉంచుకుంటారు. సమితి ఒకణ్ణి మావాడు కాదని రాసిస్తే వాడి ఇఖామా, అంటే ఇక్కడ ఉండటానికి ఇచ్చే అనుమతి, ఇంక కొత్తది పడదు. ఇఖామా లేనివాడికి కువైట్ లేదు.

శుక్రవారం సెలవు కాబట్టి మధ్యాహ్నం భోజనాలయ్యాక అర్దియా పారిశ్రామిక వాడలో రామసుబ్బయ్య గారి మెస్సులో కలుస్తాం. అన్నం బల్లలు తుడిచి, వాటి చుట్టూనే కూర్చుంటాం. ఒక పక్క మేం పదకొండు మంది. ఎదురుగా కిటికీ వైపు, పెద్దల సభ.

మన రాష్ట్రంలో శాసన మండలిని పెద్దల సభ అంటారు కదా. సమితి పెట్టిన తొలినాళ్ల మనుషులు ఆ పేరునే తెచ్చి ఇక్కడ అతికించారు. దానికి ఎన్నికలు లేవు. కువైట్‌లో ఇరవై ఏళ్ల ఇఖామా పూర్తి చేసుకున్నవాళ్లు ఎవరైనా పెద్దలే. రాసుకున్న నియమం ఆ ఒక్కటే. అప్పట్లో పెద్దల సభ మాటంటే మాటే. పదకొండు మందీ చేతులెత్తి ఒప్పుకున్న విషయాన్ని కూడా, ఎదుటి బల్ల నుంచి ఒక పెద్దాయన మీసం దువ్వుకుంటూ "ఖలాస్" అంటే అక్కడితో ఆగిపోయేది. అరబ్బీలో ఖలాస్ అంటే అయిపోయిందని అర్థం. నిజంగానే అయిపోయేది.

ఆ మీసాల మధ్యకు సంజీవమ్మ వచ్చిన తీరు మా వాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆమెది రాజంపేట అవతల చిట్వేలి వైపు. ఇరవై తొమ్మిదేళ్ల కిందట వంటమనిషిగా వచ్చి, అర్దియాలోనే ఒక కువైటీల ఇంట్లో చేరింది. ఆనాటి నుంచి అదే ఇల్లు, అదే వంటగది. ఇంటి యజమానురాలిని మామా అంటుంది. ఆ మామా పిల్లలను ఎత్తుకుని పెంచింది, ఇప్పుడు వాళ్ల పిల్లలను ఎత్తుకుంటోంది. తన కూతురిని నర్సు చదువు చదివించి తిరుపతిలో ఉద్యోగంలో పెట్టింది. తను మాత్రం ఏ బడిలోనూ కూర్చోలేదు. సంతకం పెట్టమంటే వేలి ముద్రే.

ఇరవై ఏళ్లు నిండిన మరుసటి శుక్రవారం ఆమె మూడు పాస్‌పోర్టులు కొంగులో మూటకట్టుకుని మెస్సుకు వచ్చిందట. రెండు పాతవి, ఒకటి కొత్తది. బల్ల మీద పరిచి, ఇఖామా ముద్రలున్న పేజీలు ఒక్కొక్కటే తిప్పి చూపించి, పెద్దల బల్ల దగ్గర కుర్చీ లాక్కుని కూర్చుంది. ఒక పెద్దాయన, "ఇది మొగోళ్లు కూర్చునే సభ సంజీవమ్మా" అన్నాడట.

"అట్ల యాడ రాసుండారన్నా? చదవండి, ఇంటాను" అంది ఆమె.

రాసుంటే కదా చదవడానికి. ఆడమనిషికి కూడా ఇరవై ఏళ్లు నిండుతాయన్న సంగతి నియమం రాసినవాళ్లకు తట్టలేదు. రామసుబ్బయ్య గారు లోపలికి వెళ్లి ఆమెకు టీ తెచ్చి ముందు పెట్టారట. ఆ రోజు ఆ మనిషి చేసిన పనికి నేను ఇప్పటికీ ఆయనకు దండం పెడతాను.

తర్వాత కరోనా వచ్చింది. పెద్దల్లో ఒకాయన పోయారు. మిగతావాళ్లు ఒకరి తర్వాత ఒకరు ఊరికి వెళ్లిపోయారు. ఎదుటి బల్ల దగ్గర చివరికి ఇద్దరే మిగిలారు, రామసుబ్బయ్య గారు, సంజీవమ్మ. రామసుబ్బయ్య గారు ఉదయం నాలుగింటికి లేచి పొయ్యి వెలిగించే మనిషి. మీటింగు మొదలైన పావుగంటకు ఆయన గడ్డం గుండెల మీద వాలుతుంది. ఇద్దరు మనుషులు, అందులో ఒకరు నిద్రలో. వీళ్లు పదకొండు మందిని ఆపుతారా అని కుర్రకారుకు మండింది. పెద్దలు ఇకపై ఖలాస్ అనడానికి వీల్లేదని అప్పటి కమిటీ తీర్మానం చేసింది.

ఆ రోజు నేను కమిటీలో లేను, ప్రేక్షకుణ్ణి. సంజీవమ్మ పోట్లాడుతుందనుకున్నాను. ఆమె పోట్లాడలేదు.

"సరే నాయనా, మా మాట మీరు ఇనబల్లేదు. ఒక్క శుక్రవారం ఆగండి చాలు" అంది.

ఎందుకని అడిగితే తను పనిచేసే ఇంటి సంగతి చెప్పింది. ఆ ఇంట్లో దివానియా ఉంది, మగవాళ్లు కూర్చుని మాట్లాడుకునే పెద్ద గది. వచ్చినవాళ్లకు గహ్వా పోస్తారు, చెవి లేని చిన్న కప్పుల్లో ఇచ్చే అరబ్బీ కాఫీ. వచ్చినవాడు ఏదైనా మనవి చేసుకోవాలనుకుంటే కప్పు అందుకుని, తాగకుండా ముందు పెట్టుకుంటాడు. ఇంటాయన అది చూసి, ఏం కావాలో చెప్పమని అడిగేదాకా తాగడు. అడగకుండా ఉండటం ఇంటాయనకు మర్యాద కాదు.

"పెద్ద పెద్దోళ్లే ఆ కప్పును చూసి ఆగుతారు. మీరు నా టీ గలాసును చూసి ఒక్క వారం ఆగలేరా" అంది సంజీవమ్మ.

అందరూ నవ్వి ఒప్పుకున్నారు. అలా నియమం పడింది. పెద్దల్లో ఎవరైనా టీ ముట్టకుండా ముందు పెట్టుకుంటే ఆ విషయం ఒక శుక్రవారం ఆగాలి. ఆ వారంలో వాళ్లు అడిగిన కాగితం ఏదైనా సరే, తీర్మానం పెట్టినవాడే తెచ్చి చూపించాలి. ఆ తర్వాత మళ్లీ చేతులెత్తితే ఇక ఆపేవాడు లేడు. ఖలాస్ అనగలిగిన సభ, బుక్రా అనే సభగా మిగిలింది. బుక్రా అంటే రేపు. నేను గెలిచిన కొత్తలో దానికి బుక్రా సభ అని పేరు పెట్టి నలుగురినీ నవ్వించినవాణ్ణి.

ఇక పుల్లయ్య సంగతి. పుల్లయ్య కూడా రాజంపేట వైపు మనిషే. యాభై నాలుగేళ్లుంటాయి. పద్నాలుగేళ్లుగా అమ్ఘరాలో ఒక యార్డులో పాత ఇనుము కోస్తాడు. ఆయన కోసిన రేకులు దొంతి పెడితే అంచు అంచుకు అతికినట్టు ఉంటాయి. శుక్రవారం మీటింగుకు టీ పెట్టేది కూడా ఆయనే. ఎవరూ చెప్పలేదు, జీతమూ లేదు. మెస్సు వంటగదిలో అల్లం దంచి టీ కాచి, పెద్ద ఫ్లాస్కులో పోసుకుని, గ్లాసులు పేర్చిన పళ్లెంతో వస్తాడు.

నేను కార్యదర్శినయ్యాక ఒక వారం ఒక ఫొటో మా ఫోన్లలో తిరిగింది. అల్ రాయ్‌లోని ఒక గోదాము అంటించిన అరబ్బీ నోటీసు. రాగి కేబుల్ చుట్ట ఒకటి కనిపించడం లేదని, ఫలానా మనిషి వెంటనే వచ్చి సంజాయిషీ ఇవ్వాలని ఉంది. ఎవరు తీశారో కానీ ఫొటోలో కాగితం పై సగమే వచ్చింది. ఫోన్ చేత చదివిస్తే మనిషి పేరు "బులయా" అని పలికింది. పుల్లయ్య వారానికోసారి ఆ గోదాముకు లారీ మీద స్క్రాప్ ఎత్తడానికి వెళ్తాడు. రాగి, స్క్రాప్, పుల్లయ్య. నాకు లెక్క కుదిరిపోయింది. దొంగతనం పేరు బయటికి వస్తే అన్ని యార్డులూ మనవాళ్లందరినీ అనుమానిస్తాయి, ముందే చేతులు కడుక్కోవడం మేలని తీర్మానం రాశాను. పుల్లయ్య పేరు సమితి నుంచి తీసేయాలి. ఆయన మావాడు కాదని యార్డుకు ఉత్తరం రాయాలి.

ఆయన ఇఖామా ఆ నెలాఖరుకు అయిపోతుందని నాకు తెలుసు. తెలిసే రాశాను. యాభై నాలుగేళ్ల మనిషిని ఇంకెవరూ కొత్తగా పనిలో పెట్టుకోరనీ తెలుసు. సమితి పేరు ముఖ్యమని నాకు నేను చెప్పుకున్నాను.

ఆ శుక్రవారం పుల్లయ్య ఎప్పటిలాగే టీ తెచ్చి అందరికీ పోశాడు. ఆయన దగ్గర ఫొటోలు వచ్చే ఫోన్ లేదు, ఏ సంగతీ తెలియదు. మేం పదకొండు మందిమి ఆయన పోసిన టీ తాగాం, బాగుందని కూడా అన్నాం. తర్వాత మా అధ్యక్షుడు అచ్చిబాబు గారు గొంతు సవరించుకుని నన్ను చదవమన్నారు. నేను చదివాను.

పుల్లయ్య పళ్లెం బల్ల మీద పెట్టాడు. "నేను తీయలేదు సార్" అన్నాడు. వెళ్లి గుమ్మం బయట, చెప్పుల పక్కన కూర్చున్నాడు.

పదకొండు చేతులు లేచాయి. అచ్చిబాబు గారు రాసుకోబోతూ అలవాటుగా ఎదుటి బల్ల వైపు చూసి ఆగిపోయారు. రామసుబ్బయ్య గారి గ్లాసు ఖాళీగా ఉంది. సంజీవమ్మ గ్లాసు నిండుగా ఉంది. టీ మీద మీగడ కట్టింది.

"పిన్నిగారూ, టీ తాగలేదేంటండీ" అన్నారు ఆయన, తెలిసి కూడా.

"ఆ బిడ్డ చేత టీ పోయించుకుని, తాగి, ఆమీట వాని మెడ మీద కత్తి పెట్టినారే. నాకు గొంతు దిగలే" అంది సంజీవమ్మ.

నాకు ఒళ్లు మండింది. "ఆధారం ఉంది కదండీ. కాగితం ఉంది. ఇంకేం కావాలంటారు?" అన్నాను.

"కాగితం కింద సగం యాడుండాది?"

"దాంట్లో ఏముంటాదండీ. సంతకం, ముద్ర."

"ఉండేది ఏందో తెచ్చి చూపించు నాయనా. నియమం మీరు రాసిందే గదా."

నియమం మేం రాసిందే. నేనే తేవాలి. ఆ కోపంలో అక్కడికక్కడే ఇంకో తీర్మానం ప్రకటించాను. నలుగురు ఎన్నుకున్నవాళ్లను ఎవరూ ఎన్నుకోని మనిషి ఒకరు ఆపడం ఇకపై కుదరదని, వచ్చే శుక్రవారం పెద్దల సభ రద్దు కోసం ఓటు పెడతానని చెప్పాను. రద్దు తీర్మానానికి టీ గ్లాసు నియమం వర్తించదని కూడా కలిపాను. తెలివైనవాణ్ణి కదా. మన రాష్ట్రంలో మండలిని ఒకసారి తీసేసి, మళ్లీ తెచ్చుకుని, మళ్లీ తీసేస్తామని, మళ్లీ మనసు మార్చుకున్న కథ నాకు తెలుసు. మాకు అలాంటి ఊగిసలాట ఉండదని గొప్పగా చెప్పాను. కుర్రాళ్లు బల్లలు చరిచారు. సంజీవమ్మ చల్లారిన టీ పక్కన పెట్టి, మెస్సు గుమ్మం దగ్గర వంగి, పుల్లయ్య భుజం తట్టి వెళ్లిపోయింది.

ఆ వారమంతా పుల్లయ్య పనికి వెళ్లాడని విన్నాను. యార్డులో ఎవరితోనూ మాట్లాడలేదట. ఊళ్లో భార్య సాయంత్రం ఫోన్ చేస్తే, ఇఖామా గురించి అడిగితే, పడుతుందిలే అన్నాడట. ఈ సంగతులు నా చెవిన పడుతూనే ఉన్నాయి. నేను వినీ విననట్టు తిరిగాను.

గురువారం ఆ గోదాముకు వెళ్లాను. మా దుకాణానికి నాలుగు వీధుల అవతలే. అక్కడి గుమాస్తా నోటీసు మొత్తం జిరాక్స్ తీసి ఇచ్చాడు. నేను దాన్ని మడిచి కారులో పడేశాను. చదవలేదు. అరబ్బీ అక్షరాలు రాకపోయినా అంకెలు వచ్చు, కార్ల నంబర్ ప్లేట్ల మీద రోజూ చూసేవే. చూడాలనిపించలేదు, అంతే. అందులో ఏముంటుందో నాకు ముందే తెలుసన్న ధీమా.

రెండో శుక్రవారం మెస్సు కిక్కిరిసింది. రద్దు ఓటు చూడటానికి అమ్ఘరా నుంచి కూడా జనం వచ్చారు. పుల్లయ్య టీ మానలేదు. మొహం పీక్కుపోయింది, అయినా ఒక్క చుక్క కింద పడకుండా అందరికీ పోశాడు. ఆయన పోస్తుంటే ఈసారి చాలామంది ఆయన మొహంలోకి చూడలేకపోయారు. అలా చూడలేకపోయినవాళ్లలో నేనూ ఉన్నాను.

కాగితం తీసి సంజీవమ్మ ముందు పెట్టాను. ఆమె కళ్లజోడు పెట్టుకుంది. చదువు రాని మనిషి కళ్లజోడు పెట్టుకుని అరబ్బీ కాగితం చూస్తోందని వెనక ఎవరో కిసుక్కుమన్నారు. ఆమె పట్టించుకోలేదు. వేలితో కాగితం కింది వరకూ దిగి ఒకచోట ఆపింది.

"ఇది సివిల్ ఐడీ నంబరు గదా?"

వంగి చూశాను. అవును, పన్నెండు అంకెలు.

"పుల్లయ్యా, నీ కార్డు ఇట్లియ్యి" అంది. పుల్లయ్య చొక్కా జేబులోంచి కార్డు తీసి ఇచ్చాడు. ఆమె దాన్ని కాగితం పక్కన పెట్టింది.

కువైట్‌లో ఉండేవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. సివిల్ ఐడీ అంటే ఇక్కడ అందరి దగ్గరా ఉండే గుర్తింపు కార్డు. దాని నంబరులో మొదటి అంకె తర్వాత వచ్చే రెండు అంకెలు మనిషి పుట్టిన ఏడాది.

"నాకు మీ అచ్చరాలు రావు. అంకెలు వచ్చును. మామా ఇంట్లో పాల డబ్బాల మీద తేదీలు చూసి చూసి నేర్చుకుంటిని. పాడైన పాలు పిల్లోళ్లకు పోయకూడదు గదా" అంది సంజీవమ్మ. "పుల్లయ్య పుట్టింది డెబ్బై ఒకటిలో. అరబ్బీలో ఏడంటే గరాటు మాదిరి ఉంటాది. ఈ కాగితంలో రెండో అంకె కాడ గరాటు ఉండల్ల. ఉండాదా నాయనా, చూడు."

చూశాను. గరాటు లేదు. తొమ్మిది ఉంది. దాని పక్కన, మన మూడును తిరగేసినట్టుండే నాలుగు. తొంభై నాలుగు.

"తొంభై నాలుగండీ" అన్నాను.

"ముప్పై ఏండ్లు దాటిన పిల్లోడు. పుల్లయ్య కొడుకంత వయసు" అంది ఆమె.

"మరి పేరో?" అన్నారు అచ్చిబాబు గారు.

"అరబ్బులకు 'ప' నోరు తిరగదు సామీ. వాళ్ల అచ్చరాల్లోనే ల్యా. మా పక్కింట్లో పనిచేసే పుష్పలతను ఆ యమ్మ బుష్బా అనే పిలుచ్చాది. పప్పు అంటే బబ్బు. మనిషి పుల్లయ్య అయినా బులయానే రాచ్చారు, బుల్లయ్య అయినా బులయానే రాచ్చారు." ఆమె నా వైపు తిరిగింది. కోపంగా కాదు, బడిలో వెనకబడిన పిల్లాణ్ణి చూసినట్టు చూసింది. "బుల్లయ్యలు మా రాజంపేట పక్క యాడుంటారు నాయనా. మీ గోదారోళ్లలోనే గదా ఉండేది."

మా కోనసీమలో బుల్లయ్యలకు కొదవ లేదు. నన్ను భుజాల మీద తిప్పి పెంచిన మా మేనమామ పేరు బుల్లయ్య. ఆ పేరు విని పెరిగిన నేను, ఆ పేరు నా ఫోన్ స్పష్టంగా పలికితే విని, దాన్ని పుల్లయ్యగా దిద్దుకున్నాను. ఫోన్ తప్పు పలకలేదు. అప్పుడు నాకు పట్టిన సిగ్గు ఎలాంటిదో చెప్పడం కష్టం.

లేచి పుల్లయ్య దగ్గరికి వెళ్లాను. "పుల్లయ్య గారూ, తప్పు నాదండీ. కాగితం చూడకుండా మీ మీద రాశాను. నన్ను క్షమించండి" అన్నాను. అంతమందిలో ఆ మాట అనడం ఓట్లు అడగడం కంటే కష్టం. పుల్లయ్య ఫ్లాస్కు మూత బిగించాడు. మళ్లీ విప్పి, మళ్లీ బిగించాడు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

పుల్లయ్యను తీసేసే తీర్మానం అక్కడికక్కడే చింపేశాం. ఆయన సమితిలో పద్నాలుగేళ్లుగా ఉన్న నిజాయితీపరుడని యార్డుకు ఉత్తరం రాయాలని తీర్మానించాం. పదకొండు చేతులు లేచాయి. పుల్లయ్య ఇంకో విడత టీ పోసుకుంటూ వచ్చాడు. ఆ టీ గ్లాసును సంజీవమ్మ రెండు చేతులతో అందుకుంది. తాగబోయేంతలో అచ్చిబాబు గారు, "అయితే ఆ బుల్లయ్య అనేవోణ్ణే తీసేద్దామండీ. మన లిస్టులో ఉన్నాడు, అమలాపురం కుర్రోడు. ఆయ్, మా జిల్లావోడని నేనేం వెనకేసుకు రాను" అన్నారు.

సంజీవమ్మ గ్లాసును బల్ల మీద పెట్టింది.

"ఆ పిల్లోణ్ణి పిలిచి అడిగినారా?" అంది.

ఎవరూ అడగలేదు. అతను తల్లికి ఆపరేషన్ అని ఊరికి వెళ్లి ఉన్నాడు. ఈసారి ఎవరూ బల్ల చరచలేదు. అచ్చిబాబు గారు పెన్ను మూసి, అతను వచ్చాక అడుగుదామన్నారు. ఆ తర్వాత అతను వచ్చి తన మాట తను చెప్పుకున్నాడు, గోదాము వాళ్లూ విన్నారు. అది అతని కథ, ఇక్కడ చెప్పను. పుల్లయ్య కోసం ఆమె ఆగమన్నది ఒక్కసారి దయతో చేసిన పని కాదు, ముఖం తెలియని గోదావరి కుర్రాడికి కూడా ఆమె దగ్గర అదే కొలత. ఆ క్షణంలో ఆమెను చూసి నా ఛాతీ ఉప్పొంగింది. మా మనిషి అనుకున్నాను. చిట్వేలి అయితేనేం, మా మనిషే.

మిగిలింది రద్దు తీర్మానం. నేను వెనక్కి తీసుకుంటానన్నాను. కానీ కమిటీలో నా వెనక ఉన్న కుర్రాళ్లు ఒప్పుకోలేదు. ఒకసారి ప్రకటించినది ఓటుకు రావాల్సిందే అన్నారు. పుల్లయ్య విషయం వేరు, సభ విషయం వేరట. ఈ ఒక్కసారికి ఆమె చెప్పింది నిజమైంది సరే, రేపు ఇంకో పెద్దమనిషి వచ్చి కూర్చుని ప్రతిదానికీ టీ మానేస్తే ఏం చేయాలట. ఎన్నుకోని మనిషికి అధికారమేమిటట. అవన్నీ నేను నేర్పిన మాటలే. వాటిలో తప్పు కూడా లేదు.

అచ్చిబాబు గారు సంజీవమ్మ వైపు చూశారు. "పిన్నిగారూ, మీరేవైనా చెబుతారేంటండీ?"

అందరి కళ్లూ ఆమె గ్లాసు మీదే. నియమం వర్తించదని నేను రాశాను, నిజమే. కానీ ఆ రోజు ఆమె గ్లాసు ముట్టకుండా కూర్చుని ఉంటే, ఆ గదిలో చెయ్యెత్తే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు. ఆ సంగతి ఆమెకూ తెలుసు.

ఆమె గ్లాసు అందుకుని, నింపాదిగా, చివరి చుక్క దాకా తాగింది. ఖాళీ గ్లాసును బల్ల మీద పెట్టి కొంగుతో మూతి తుడుచుకుంది.

"పుల్లయ్య కోసరం ఆపినా. ఆ పిల్లోని కోసరం ఆపినా. నా కుర్చీ కోసరం ఆపుకుంటే మర్యాద కాదు నాయనా. మీరు ఎట్ల అనుకుంటే అట్ల చేయండి. సభ ఉన్నా లేకపోయినా శుక్రవారం నాకు సెలవే, వచ్చి ఆ మూల కూచుంటా" అంది.

రామసుబ్బయ్య గారు ఎప్పుడు మేలుకున్నారో గానీ, ఆమె ఖాళీ గ్లాసును చూస్తూ కూర్చున్నారు. అచ్చిబాబు గారు ఇక చేతులెత్తమనబోయారు. నా ముందు పుల్లయ్య ఇందాక పోసిన టీ ఉంది. అల్లం వాసన వస్తోంది. నాకు ఆ టీ అంటే ప్రాణం. గ్లాసును నోటి దాకా తెచ్చి, మళ్లీ బల్ల మీద పెట్టి, చేతులు ఒళ్లో పెట్టుకున్నాను.

అచ్చిబాబు గారు నా వైపు అదోలా చూశారు. "ఒరేయ్ కిరణ్, నువ్వు ఎన్నికైనోడివి. నీకా హక్కు లేదు కదరా" అన్నారు.

"లేదండీ" అన్నాను. టీ మాత్రం ముట్టలేదు.

నా పక్కనున్న కుర్రాడు తన గ్లాసు వంక చూసుకున్నాడు. ఫ్లాస్కు పట్టుకుని పుల్లయ్య నా దగ్గరికి వచ్చి వంగాడు.

"తాగు సార్, సల్లారిపోతాది" అన్నాడు.

"వచ్చే శుక్రవారం తాగుతానండీ" అన్నాను.